గాబ్రియేలు వేయనన్న ఒట్టు

మా కంపెనీ తన ర్యాలీ జట్టుకు నలభై ఏళ్లు నిండాయని పోయిన ఏడాది ఒక పుస్తకం వేసింది. ఇటుకంత బరువు, నున్నటి కాగితం, అట్ట మీద దుమ్ము లేపుకుంటూ పోతున్న ఎర్ర కారు. నిజానికి ఆ జట్టు బతికింది పదకొండేళ్లు. మూసేసి ముప్పై ఏళ్లు కావస్తోంది. చచ్చినదానికి పుట్టినరోజు చేయడం పెద్ద కంపెనీలకే చెల్లింది. ఆ కంపెనీ పేరు నేనిక్కడ రాయను. రాస్తే అదొక ఉచిత ప్రకటన అవుతుంది, ఆ కంపెనీకి మా తరం ఇప్పటికే చాలా ఉచితంగా ఇచ్చింది.

ఆ పుస్తకం నూట పన్నెండో పేజీలో గాబ్రియేలు గురించి ఆరు వాక్యాలున్నాయి. ఆయన బతుకు ఆ ఆరు వాక్యాలు కాదు. అందుకే ఇది రాస్తున్నాను. రాయడానికి నాకున్న అర్హత ఏమిటో మధ్యలో మీకే తెలుస్తుంది. తెలిశాక నన్ను తిట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

గాబ్రియేలుది బద్వేలు దగ్గర ఒక చిన్న పల్లె. వాళ్ల నాయన దాసన్న రెండెకరాల మెట్ట చేను చేసుకుంటూ, ఊరి చర్చిలో ఉపదేశిగా ఉండేవాడు. నెమ్మదస్తుడే కానీ ఒక్క విషయంలో మాత్రం కొడుకును క్షమించేవాడు కాదు. ఒట్టు. మా సీమలో పిల్లలు గోళీలాటకు కూడా అమ్మతోడు అంటారు. గాబ్రియేలు ఎనిమిదేళ్లప్పుడు ఎక్కడో ఆటలో అలా అన్నాడట. దాసన్న కొట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, నిజం చెప్పేవాడికి ఒట్టుతో పనేముందిరా, ఒక మాటకు ఒట్టేశావంటే మిగతా మాటలన్నీ అబద్ధాలని నువ్వే ఒప్పుకున్నట్టు అన్నాడట. ఈ సంగతి గాబ్రియేలు నాకు సర్వీసు వ్యానులో టీ తాగుతూ చెప్పాడు. నేను నవ్వాను. మా ఊరు మహానంది పక్కన గాజులపల్లె. అక్కడ వంకాయల బేరానికి కూడా మహానందీశ్వరుడు సాక్షికి రావాల్సిందే.

పన్నెండేళ్ల వయసు నుంచి గాబ్రియేలు ప్రతి ఆదివారం చర్చిలో బైబిలు పాఠం చదివేవాడు. తడబడకుండా, వెనక బెంచీలో ముసలమ్మకు కూడా వినపడేట్టు, తొందర లేకుండా చదవడం అక్కడే వచ్చింది. మిషను ఆసుపత్రి జీపు మీద డ్రైవింగు నేర్చుకుని, లారీల మీద బెంగళూరు చేరి, ఎనభై నాలుగులో మా ఫ్యాక్టరీలో కొత్త కార్లు నడిపి చూసే పనిలో కుదిరాడు. ఆ ఏడే కంపెనీ వాళ్లకు ర్యాలీ పిచ్చి పట్టింది. కారు గట్టిదని పేపర్లో చెప్తే ఎవరూ నమ్మడం లేదు, రాళ్లలో పరిగెత్తించి చూపిస్తే నమ్ముతారన్నారు. మూడు కార్లు, ఒక వ్యాను, ఏడుగురు మెకానిక్కులు. మరుసటి ఏడు ఆ ఏడుగురిలో నేను చేరాను.

ర్యాలీ అంటే అన్ని కార్లూ ఒకేసారి ఉరికే పందెం కాదు. దారి మూసేసి, ఒక్కొక్క కారును నిమిషం తేడాతో వదిలి, ఎవరు ఎంతసేపట్లో చేరారో లెక్క చూస్తారు. అడవి దారులు, చేల గట్లు, మా సీమలో వంకలనే వాగులు. నడిపేవాడికి ముందున్న మలుపే కనపడుతుంది. దాని వెనకున్నది పక్క సీట్లో నావిగేటరు చెప్పాలి. రెండు రోజుల ముందు అదే దారిలో నెమ్మదిగా పోయి ప్రతి మలుపూ పుస్తకంలో రాసుకుంటారు. పందెం రోజు కారు ఎగిరి పడుతుంటే దాన్ని సరైన క్షణానికి చదవాలి. ముందు చెప్తే డ్రైవరు మరిచిపోతాడు, ఆలస్యంగా చెప్తే చస్తాడు.

మా డ్రైవరు హరనాథ్. నంద్యాల వైపు భూములున్న కుటుంబం, కంపెనీ పెద్దలకు తెలిసినవాళ్లు. మనిషి మంచివాడే, యాక్సిలరేటరు మీద కాలు మాత్రం బరువు. మొదటి ర్యాలీలో ఆయన పక్కన కాన్వెంటులో చదివిన కుర్రవాడిని కూర్చోబెట్టారు. వాడు మూడో కిలోమీటరులో నోట్సు పుస్తకం మీదే వాంతి చేసుకున్నాడు. రెండోసారి గాబ్రియేలును ఎక్కించారు. ఆయన నోట్సు తెలుగులో రాశాడు. కుడి మూడు, ఎడమ రెండు, గుడ్డి మిట్ట, రాళ్లవంక. అంకె చిన్నదయ్యే కొద్దీ మలుపు గట్టిదని అర్థం. మేనేజరు ఇంగ్లీషులో ఉండాలన్నాడు. హరనాథ్ ఒప్పుకోలేదు. తెలుగులో వింటే చెయ్యి దానంతటదే తిరుగుతోందని, గాబ్రియేలు గొంతు చెవిలో ఉంటే రాత్రో పగలో కూడా తనకు పట్టదని అన్నాడు.

ఎనభై ఆరులో మొదటిసారి గెలిచాం. ఎనభై తొమ్మిదిలో దక్షిణాది మొత్తం మీద మాదే పైచేయి. నేను పద్దెనిమిది నిమిషాల్లో గేరుబాక్సు మార్చిన రోజులవి. ఎర్ర కార్లు అమ్ముడుపోయాయి. పేపర్లో హరనాథ్ కప్పు పట్టుకున్న ఫోటో వచ్చేది, పక్కన గాబ్రియేలు భుజం సగం కనపడేది. ఆయనకది కష్టంగా ఉండేది కాదు. నాకు ఉండేది. గెలిపించింది సగం ఆయన నోరని మాకందరికీ తెలుసు.

ఇక తొంభై మూడు నవంబరుకు వస్తాను. ఆ ఏడు ర్యాలీ కర్నూలులో మొదలై, కడప జిల్లాలోకి దిగి, పోరుమామిళ్ల మీదుగా బద్వేలు చేరేట్టు పెట్టారు. చివరి భాగం గాబ్రియేలు సొంత ఊరి పక్కనుంచే పోతుంది. పోరుమామిళ్ల బయట మా సర్వీసు, అంటే కారు ఆపి బాగుచేసుకునే చోటు. ఇరవై నిమిషాలు. అప్పటికి మేము నలభై సెకన్లు ముందున్నాం.

కారు ఆగగానే గాబ్రియేలు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. హెల్మెట్లో ఇద్దరూ మాట్లాడుకునే మైకు సెట్టు ఉంటుంది. దాని సంగతి చెప్పాడు.

“మైకు మధ్య మధ్యలో పోతాండాది ఓబుళేశప్పా. సెట్టు మార్చు.”

చూశాను. సీటు ఇనుముకు ఒరుసుకుని వైరు పైపూత పోయింది, లోపల రాగి తెగుతోంది. మార్చాల్సిందే. కానీ రెండో సెట్టు వ్యానులో లేదు. కర్నూలు లాడ్జిలో మంచం మీద పెట్టి మరిచిపోయి వచ్చాను. అప్పటికే నెల కిందట ఒక జాకీ పోగొట్టినందుకు నాకు మెమో ఇచ్చి ఉన్నారు. మేనేజరుకు చెప్తే ఇంకెవరి దగ్గరైనా అడిగి తెచ్చేవాడు, రెండు మూడు నిమిషాలు ఆలస్యమయ్యేది, పందెం పోయేది, దానితో నా ఉద్యోగమూ పోయేది. నేను తెగిన చోట నల్ల టేపు చుట్టాను. ఇంకా నలభై కిలోమీటర్లే కదన్నా, వస్తాది పో అన్నాను. నన్ను నమ్మి ఆయన ఎక్కాడు.

సగిలేటి వైపు దారిలో ఒక మిట్ట దిగగానే వంక వస్తుంది. ఆ ఏడు వానలకు వంకలో కట్ట తెగి, దారి కుడివైపు గట్టిగా తిరిగింది. పుస్తకంలో ఆయన పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: వంక, కుడి ఒకటి, నెమ్మది. చెప్పాడు. చెవిలో పడకపోయేసరికి అరిచాడు. ఇంజను మోతలో హెల్మెట్ పెట్టుకున్నవాడికి అరుపు ఎక్కడ వినపడుతుంది. ర్యాలీలో మాట రాలేదంటే దారి తిన్నగా ఉందని అర్థం. హరనాథ్ కాలు తీయలేదు. కారు తెగిన కట్ట మీద నుంచి ముక్కు కిందికి పెట్టి వంకలో పడింది. గాబ్రియేలుకు భుజం విరిగింది. హరనాథ్ కుడి కాలు మోకాలి కింద తీసేశారు.

రెండు నెలల తర్వాత ఫ్యాక్టరీ క్యాంటీను హాలులో విచారణ పెట్టారు. రిటైరైన జడ్జి ఒకాయన పెద్ద. కంపెనీ యజమాని దైవభక్తి ఎక్కువున్నవాడు, కాబట్టి ఎవరి దేవుడి మీద వాళ్లు ప్రమాణం చేసి చెప్పాలన్నారు. హరనాథ్ కర్రల మీద వచ్చి, మిట్ట దాటాక నాకేమీ వినపడలేదు అన్నాడు. అది నిజం. గాబ్రియేలు చెప్పనే లేదని ఆయన చనిపోయే వరకూ అనుకున్నాడు. తర్వాత నన్ను పిలిచారు. సెట్టు బాగుందా అన్నారు. వారం ముందే మేనేజరు అడిగితే బాగుందని చెప్పేసి ఉన్నాను. గుమ్మడికాయ దొంగ ఎవరని అడగక ముందే నేను భుజాలు తడుముకున్నాను. చెయ్యి ఎత్తి, మహానందీశ్వరుడి సాక్షిగా సెట్టు బాగానే ఉండాది అన్నాను. నా గొంతు కూడా వణకలేదు. ఇదీ నా అర్హత.

చివరికి గాబ్రియేలు. భుజానికి కట్టుతో నిలబడ్డాడు. ఆయన ముందు వేదపుస్తకం పెట్టారు. ఆయన దాని మీద చెయ్యి పెట్టలేదు.

“మేము ఒట్టు పెట్టుకోం సార్. నేను మలుపు చెప్పినా. వైరు పోయినాది, ఆయనకు వినపడలా. నా మాట ఇంతే.”

జడ్జి నెమ్మదిగానే అడిగాడు. మెకానిక్ ప్రమాణం చేసి ఒక మాట చెప్పాడు, నువ్వు దానికి ఎదురు చెప్తున్నావు, అలాంటప్పుడు ప్రమాణం చేయడానికి భయమెందుకన్నాడు. భయం కాదు సార్, మా నాయన నేర్పలేదన్నాడు గాబ్రియేలు. హాలులో ఎవరో నవ్వారు. ఆయన నా వైపు ఒకసారి చూశాడు. కోపంగా కాదు. అడిగినట్టు చూశాడు. నేను క్యాంటీను గోడ మీద రాసిన భోజనాల పట్టిక చదువుకుంటూ కూర్చున్నాను.

ప్రమాణం చేయడానికి నిరాకరించినందున అతని మాట నమ్మదగినది కాదు, ప్రమాదానికి నావిగేటరు నిర్లక్ష్యమే కారణం అని రాశారు. ఉద్యోగం తీసేశారు. సొంత ఊరి వంక దగ్గర దారి చెప్పలేకపోయినవాడని పేపర్లో వేశారు. రెండేళ్లకు జట్టునూ మూసేశారు. నేను మాత్రం రిటైరయ్యే దాకా ఫ్యాక్టరీలోనే ఉన్నాను, ప్రమోషను కూడా తీసుకున్నాను.

గాబ్రియేలు ఊరికి వచ్చేశాడు. ఆర్టీసీలో అడిగితే పాత కాగితాలు చూసి వద్దన్నారు. లారీల వాళ్లు పిలిచినా సగం కూలికే పిలిచారు. బద్వేలు టీ కొట్ల దగ్గర ఆయనకు కుడిఎడమ గాబ్రియేలు అని పేరు పెట్టారు. ఎవరికైనా దారి చెప్పబోతే, నువ్వు చెప్పకన్నా, వంకలో పడతాం అనేవాళ్లు. ఆయన భార్య రత్నమణి బజారుకు పోయినప్పుడు ఈ మాటలు వెనక నుంచి వినేది. తర్వాత తుమ్మలపల్లె యురేనియం గనికి కూలీలను తీసుకుపోయే బస్సు ఏడేళ్లు నడిపాడు. ఆ ఏడేళ్లలో బస్సుకు గీత కూడా పడలేదు. దాని గురించి ఎవరూ పుస్తకం వేయలేదు.

ఆదివారం మాత్రం ఆయన తలెత్తుకునే ఉండేవాడు. సంఘంలో పెద్ద. పాఠం చదివేది ఆయనే. ఊళ్లో తగవు వస్తే గట్టు ఎక్కడుందో, గొర్రె ఎవరిదో గాబ్రియేలు చెప్తే అది చాలు, ఒట్టు లేని మనిషి అనేవాళ్లు. బయట ఊడ్చుకుపోయిన పరువు అక్కడ ఒక పిడికెడు మిగిలి ఉండేది. నేను ఏడాదికొకసారి క్రిస్మస్ తర్వాత వెళ్లి వచ్చేవాడిని. అన్నం పెట్టేవాళ్లు. వైరు ఊసు ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే ఏడ్చి కాళ్ల మీద పడదామని నేను ప్రతి ఏడూ అనుకునేవాడిని. ఆయన ఎత్తలేదు కాబట్టి నేనూ పడలేదు. ఎంత మర్యాదస్తుడినో చూడండి.

పోయిన ఏడాది కంపెనీ నుంచి లక్ష్మీప్రియ అనే అమ్మాయి వచ్చింది. జట్టు చరిత్ర రాసే పని ఆమెది. శ్రద్ధ ఉన్న మనిషి, పాత ఫైళ్లన్నీ చదివింది. రిటైరయ్యాక నేను ఉంటున్న మైదుకూరు ఇంటికి ముందు వచ్చి, నాతోనే బద్వేలు వైపు బయల్దేరింది. ఆవిష్కరణ రోజు పాత మెకానిక్కులకు బెంగళూరులో సన్మానం ఉంటుందని, మ్యూజియంలో నా ఫోటో కూడా పెడతారని దారిలో చెప్పింది. కాసేపటికి అడిగింది, ఆ రోజు హెల్మెట్ల ఇంటర్‌కామ్ సెట్టు బాగానే ఉందా సార్ అని. అరవై రెండేళ్ల వయసులో, కొడుకులు స్థిరపడ్డాక, పోవడానికి ఉద్యోగం కూడా లేనప్పుడు, నేను మళ్లీ అదే అన్నాను. బాగానే ఉండాది మేడమ్. ఈసారి భయం కాదు. శాలువా.

గాబ్రియేలు ఇంటి వసారాలో మంచం మీద ఆయన, పక్కనే నేను కూర్చున్నాం. ఆమె కుర్చీలో కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఫైలులో మీరు ప్రమాణానికి నిరాకరించారని ఉంది, దాన్ని దాటి నేను రాయలేను, ఇప్పుడైనా కెమెరా ముందు ప్రమాణం చేసి మీ మాట చెప్తే, అది కూడా పుస్తకంలో పెట్టించడానికి ప్రయత్నిస్తానంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మేము పెట్టుకోం తల్లీ అన్నాడు.

అప్పుడు లోపలి నుంచి రత్నమణి వచ్చింది. ఆమె ఎప్పుడూ మా మాటల మధ్యకు వచ్చేది కాదు. గడప దగ్గరే నిలబడి, ఆయన్ని చూసి చెప్పింది.

“ముప్పై ఏండ్లు నీ నోటికి నేను అడ్డం రాలేదు. బజార్లో తల దించుకోని నడిచినా. నేను పోయేలోగా నీ పేరు బాగుండాది అని ఒక పుస్తకంలో చూడాలని ఉండాది. నా కోసరం ఒక్కసారి వెయ్యి.”

ఆయన మెల్లగా మంచం దిగాడు. లోపలికి పోయి వేదపుస్తకం తెచ్చుకున్నాడు. లక్ష్మీప్రియ కెమెరా సరిచేసుకుంది. ఆయన పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని మీద కుడి చెయ్యి పెట్టాడు. పెట్టేముందు ఒకసారి ఆగాడు. ఆ ఆగడం నేను చూశాను. దేవుని మీద ప్రమాణం చేసి చెప్తున్నాను, ఆ రోజు వంక దగ్గర నేను సరిగానే చెప్పాను, వైరు తెగి ఆయనకు వినపడలేదు అన్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా పాఠం చదివిన గొంతే, తడబాటు లేదు. కెమెరా ఆపాక మాత్రం ఆ చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

నేను మింగలేక కక్కలేక అక్కడే కూర్చున్నాను. తర్వాత రత్నమణి పెట్టిన టీ తాగి వచ్చేశాను.

నాలుగు నెలలకు బెంగళూరులో సన్మానం చేశారు. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. గాబ్రియేలును పిలవలేదు. పుస్తకం చేతికిచ్చారు. రాత్రి బస్సులో కూర్చుని నూట పన్నెండో పేజీ తెరిచాను. మొదటి నాలుగు వాక్యాలు పాత విచారణలో ఉన్నవే. చివరి రెండూ ఇలా ఉన్నాయి: “ఒట్టు పెట్టుకోవడం తమ ఆచారం కాదన్న కారణంతో ఆనాడు ప్రమాణానికి నిరాకరించిన ఇతడే, ముప్పై ఏళ్ల తర్వాత ఈ పుస్తకం కోసం కెమెరా ముందు ప్రమాణం చేశాడు. ఆనాడు చెప్పిన కారణంలో ఎంత నిజముందో పాఠకులే నిర్ణయించుకోవచ్చు.”

బస్సు దిగేదాకా ఆ రెండు వాక్యాలే చదువుకున్నాను. ఆయన వేయని ఒట్టుతో ఒకసారి, వేసిన ఒట్టుతో ఇంకోసారి, ఒకే మనిషిని రెండుసార్లు అబద్ధాలకోరును చేశారు. వాళ్లు చేశారనడం కూడా దొంగ మాటే. రెండుసార్లూ పక్కన నేనున్నాను.

పొద్దున్నే లక్ష్మీప్రియకు ఫోను చేశాను. వైరు, టేపు, లాడ్జి, అన్నీ చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఆమె గొంతు మారిపోయింది. ఆ చివరి వాక్యాలు తను రాయలేదని, పైవాళ్లు చేర్చారని, పుస్తకాలు ఊరూరా పంచేశారని చెప్పింది. అయినా పైవాళ్లకు రాసి చూస్తానంది. వారానికి జవాబు తెలిసింది. మెకానిక్ ఆనాడు దేవుడి సాక్షిగా చెప్పిన మాట రికార్డులో ఉంది, ఇప్పుడు ముసలితనంలో స్నేహితుడి కోసం మాట మారుస్తున్నాడు, దాన్ని లెక్కలోకి తీసుకోలేం అన్నారట. నా దొంగ ఒట్టును చెరపడం నా వల్ల కూడా కాలేదు.

ఆ ఆదివారమే గాబ్రియేలు ఊరికి వెళ్లాను. చర్చి వదిలే వేళకు చేరాను. పాఠం ఎవరో చదువుకునే పిల్ల చదివిందని బయట చెప్పుకుంటున్నారు. గాబ్రియేలు వెనక బెంచీలో కూర్చున్నాడట. ఎవరూ దిగమనలేదు, తనంతట తనే పెద్దరికం వదిలేశాడట. పుస్తకం అప్పటికే ఊళ్లోకి వచ్చింది. గొర్రెల తగవులో గాబ్రియేలు మాట చాలనుకున్నవాళ్లు, ఆయన కూడా ఒట్టేసే మనిషేనా అని గొణుక్కుంటున్నారు. రత్నమణి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆమె కోరి వేయించిన ఒట్టు అది, ఆమెకు నాతో మాట్లాడే ఓపిక లేదు.

వసారాలో ఆ మంచం మీదే కూర్చున్నాం. ముప్పై ఏళ్లుగా దాచుకున్నదంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆయన అడ్డు రాకుండా విన్నాడు.

“నాకు తెలీనిదేముండాది ఇందులో,” అన్నాడు. “నువ్వు టేపు చుడతాంటే చూసింది నేనే కదప్పా.”

మళ్లీ విచారణ పెట్టించమంటాను, ఎక్కడైనా సరే, ఎవరి ముందైనా సరే ఒట్టేసి నిజం చెప్తానన్నాను. ఆయన నా ముఖం వైపు కూడా చూడలేదు. మాట మాత్రం మెల్లగానే వచ్చింది.

“నువ్వు ఒట్టేసి నా పేరు పోగొట్టినావు. పోనీలే, పిల్లలోడు, కడుపు కోసరం చేసినాడు అనుకున్న్యా. అది మోసినా. మొన్న నేను చెయ్యి పెట్టేటప్పుడు నువ్వు పక్కనే ఉంటివి. నిజం తెలిసినోడు ఈ భూమ్మీద నువ్వొక్కడివే. వద్దు గాబ్రియేలన్నా అని నా చెయ్యి పట్టుకోని ఉంటే సరిపోయేది కదప్పా.”

ఆ రోజు ఆయన చెయ్యి నాకు మూరెడు దూరంలో ఉంది.